బుగ్గకారు ఆఖరి భాగం

జాయ్స్ చూసింది. బస్సెక్కుతూనే ఆ మాట చెప్పేసింది, ఇంకా రెండో మెట్టు మీదే ఉంది, ఐడీ కార్డు తాడు జడలో చిక్కుపడితే విడదీసుకుంటూ, "నేను చూశా, మొత్తం చూశా" అని. బస్సులో ఉన్న ఇరవై మందీ తలలెత్తారు. ఐదో వరుసలో కిటికీ పక్కన కూర్చున్న రజిత కూడా తలెత్తింది, నవ్వింది కూడా, నవ్వకపోతే బాగుండదు కనక. ఆ నవ్వు మొహం మీద ఉండగానే కడుపులో మంట రాజుకుంది. చూడాల్సింది తను కదా. ఏడాదిన్నరగా ప్రతి ఆదివారం సాయంత్రం ఏడింటికి టీవీలో 'బుగ్గకారు' సీరియల్ చూసింది తను, సోమవారం పొద్దున ఈ ఆఫీసు బస్సులో ఆ భాగం మొత్తాన్నీ గొంతులు మార్చి మార్చి అందరికీ చెప్పింది తను. నిన్న వచ్చింది ఆఖరి భాగం. మంత్రి పరబ్రహ్మం రాజీనామా ఇస్తాడా ఇవ్వడా అన్నది తేలే భాగం. నిన్న ఆరింటికి నానక్‌రామ్‌గూడలో కరెంటు పోయింది, పదింటికి గానీ రాలేదు. జాయ్స్ ఉండే గచ్చిబౌలి అపార్ట్‌మెంటుకి జనరేటరుంది. అంతే తేడా. డెబ్భై ఎనిమిది భాగాలు చూసినదానికి డెబ్భై తొమ్మిదోది లేదు, ఎప్పుడో ఒకటీ అరా చూసినదానికి ఆఖరిది దక్కింది.

కరెంటును తిట్టుకోవడానికి కూడా లేదు. సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులు దాటింది, బడులు మూతపడ్డాయి, ఆర్టీసీ బస్సులు డిపోల్లోనే ఉన్నాయి, బొగ్గు గనుల్లో తట్ట ఎత్తేవాడు లేడు. ఆ గనుల్లోనే రజిత మేనమామ కూడా పనిచేస్తాడు, గోదావరిఖనిలో, ఆయనా సమ్మెలోనే ఉన్నాడు. మామ పని ఆపితే బొగ్గు ఆగింది, బొగ్గు ఆగితే కరెంటు ఆగింది, కరెంటు ఆగితే పరబ్రహ్మం ఆగాడు. ఎవర్ని అంటాం. పోయిన శనివారం మామ ఫోన్ చేసి, జీతం రాకపోయినా పర్వాలేదు బిడ్డా, ఈసారి తేలాలె అంటే, తేలాలె మామా అని తనూ అన్నది, మనసారానే అన్నది. అంతలో మనసులో ఇంకో మూల నుంచి, ఆదివారం ఏడు నుంచి ఏడున్నర దాకా మాత్రం కరెంటు ఉంటే చాలు అనే ఇంకో కోరిక కూడా తల ఎత్తింది. సిగ్గులేని కోరిక. రాష్ట్రం రావాలి, సీరియల్ కూడా రావాలి. రెండూ కావాలంటే ఎట్లా అని తనని తనే కసురుకుంది అప్పుడు.

బస్సు గచ్చిబౌలి చౌరస్తా దాటి రాయదుర్గం వైపు తిరిగిందో లేదో ఆగిపోయింది. ముందు కార్లు, ఆటోలు, వాటి ముందు ఇంకా కార్లు, ఆ పైన పొగ. డ్రైవర్ లింగయ్య దిగి వెళ్ళి చూసొచ్చాడు. రోడ్డుకడ్డంగా రాళ్ళు పెట్టి పొయ్యిలు పేర్చారట, వంటా వార్పూ అట. "గంట పడ్తది. ఒండుకొని తిన్నంకనే లేస్తరట" అని చెప్పి ఇంజన్ ఆపేశాడు. ఆయన తొందరేం పడలేదు, ముందు అద్దానికి జై తెలంగాణ కాగితం అంటించుకున్న మనిషి. పడాల్సింది ఆఫీసువాళ్ళు, వాళ్ళూ పడలేదు, ఫోన్లు తీసి మేనేజర్లకి మెసేజ్‌లు పెట్టేసి జాయ్స్ వైపు తిరిగారు. గంట. మామూలు సోమవారమైతే పావుగంటలో ఆఫీసు వచ్చేసేది, జాయ్స్ చెప్పేది సగంలో ఉండగానే అందరూ దిగిపోయేవాళ్ళు. ఇవాళ మాత్రం దానికి గంట టైము దొరికింది. అదృష్టం కూడా జనరేటరు ఉన్నవాళ్ళ ఇంటికే పోతుంది. కిటికీ పక్కనే షేర్ ఆటో ఒకటి ఇరుక్కుని ఉంది, దాని వెనక పసుపు రంగు అక్షరాల్లో 'నన్ను చూసి ఏడవకు' అని రాసి ఉంది. రజిత ఆ ఆటోను కూడా కాసేపు అసహ్యించుకుంది.

"చివరికి ఇవ్వడు లెండి" అని మొదలుపెట్టింది జాయ్స్. చివరిది ముందు చెప్పేసింది. ఏడాదిన్నర నుంచీ ఈ బస్సులో జరిగిన పంచాయితీ అంతా దాని గురించే కదా. పరబ్రహ్మం లాల్చీ జేబులో తేదీ వేయని రాజీనామా లేఖ ఉంటుంది, ప్రతి భాగంలోనూ ఒకసారి జేబులో చెయ్యి పెడతాడు, ప్రతిసారీ ఏదో అడ్డొస్తుంది, ఢిల్లీ నుంచి ఫోనో, సంతకానికి ముహూర్తమో, పెన్నులో సిరా అయిపోవడమో. ఇస్తాడని శివ, చచ్చినా ఇవ్వడని శ్రీలత, పీఏ దొంగతనంగా పట్టుకెళ్ళి ఇచ్చేస్తాడని ఇంకొకరు, అసలు ఆ కాగితం మీద రాసున్నది చాకలి పద్దు అని మరొకరు. పోయిన నెల బిర్యానీల మీద పందెం కూడా కాశారు. ఆ ముడిని రజిత ఎంత జాగ్రత్తగా మోసిందీ. నవ్వు వచ్చే చోట తను నవ్వేది కాదు, చెయ్యి జేబులోకి వెళ్ళే చోట ఆపి కిటికీలోంచి బయటికి చూసేది, చెప్పు చెప్పు అని వెనక సీట్లోంచి ఎవరో భుజం తట్టేదాకా చెప్పేది కాదు. ఈ పిల్లేమో బస్తాకి అడుగున కోసి బియ్యం పోసేసినట్టు పోసేసింది. పైగా ఎవరికీ కోపం రాలేదు. అయ్యో ఇవ్వడా అని నవ్వారు, ఎలా ఇవ్వడో చెప్పు అని ముందుకు వంగారు. జాయ్స్ ఏం చేసినా చెల్లుతుంది. దాని నవ్వు అలాంటిది, పెద్ద నవ్వు, చిగుళ్ళు కూడా కనబడే నవ్వు, చర్చి కొయిర్‌లో పాడే గొంతు, తెనాలిలో స్కూల్ టీచరు తండ్రి, నర్సు తల్లి, చిన్నప్పటినుంచీ ఎవరి ముందూ నోరు మూసుకోవాల్సిన అవసరం రాని పిల్ల.

రజితకు ఆ అవసరం వచ్చింది. ఉద్యోగంలో చేరిన మూడో వారం, టెస్టింగ్ టీమ్ మీటింగులో, సాఫ్ట్‌వేర్‌లో ఒకే తప్పు మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తోందని అడిగారు. కంగారులో "గిట్లెందుకైతుందో ఏందో సార్, నిన్న మంచిగనే ఉండె" అనేసింది. ఎవరూ తిట్టలేదు. నవ్వారంతే. ఒకతను సినిమా విలన్ గొంతుతో 'ఏందిరబై' అన్నాడు, మళ్ళీ నవ్వారు. ఆ తర్వాత ఆరు నెలలు రజిత ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడింది, అది దొరకని చోట పాఠ్యపుస్తకంలాంటి తెలుగు మాట్లాడింది, రెండూ దొరకని చోట ఊరుకుంది. ఇంటికొచ్చి అమ్మతో మాట్లాడితేనే నాలుక తిరిగేది. అప్పుడు వచ్చింది 'బుగ్గకారు'. అందులో మంత్రి కారు తోలే నర్సింగ్ ఉన్నాడు, గిట్ల గట్ల అంటాడు, జర ఆగుండ్రి సార్ అంటాడు, నవ్వించేది వాడే. ఒక సోమవారం బస్సులో నెల్లూరు శివ, నిన్న హాస్టల్లో సినిమా తప్ప మరోటి పెట్టనివ్వలేదు, నర్సింగ్ ఏమన్నాడో ఎవరైనా చెప్పండ్రా అని అడిగితే, రజిత చెప్పింది. ఎందుకు చెప్పిందో తెలియదు. నోరు తెరిస్తే నర్సింగ్ వచ్చాడు. ఆ నటుడిది నేర్చుకున్న యాస, మాటమాటకీ తడబడతాడు, తనది పుట్టుకతో వచ్చింది, తను తడబడలేదు. బస్సంతా నవ్వింది. అదే మాట, అవే మనుషులు, కానీ ఈసారి నవ్వు తన మీద కాదు, తనతో. ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, ఆ ముక్క మళ్ళీ అనవా రజితా, ప్లీజ్ అని మొట్టమొదట అడిగింది జాయ్సే. ఆ సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో. తన మాట తను మాట్లాడుకోవడానికి ఒక కారు డ్రైవరు వేషం కావలసి వచ్చింది, వారానికొకసారి పావుగంట, గచ్చిబౌలి నుంచి ఆఫీసు దాకా. ఆ పావుగంట మీద మిగతా వారమంతా బతికింది. సీరియల్ అయిపోతే అదీ అయిపోతుందని తెలుసు, అందుకే ఈ ఆఖరి సోమవారం బాగా చెప్పాలని వారం నుంచీ లోపల్లోపల గొంతు సవరించుకుంటోంది.

జాయ్స్ చెబుతోంది. పీఏ పేరు మర్చిపోయింది, ఆ బట్టతలాయన అంటోంది. ఆయన పేరు అప్పలాచారి, ఏడాదిన్నరగా చెబుతుంటే ఏం విన్నావే నువ్వు. పరబ్రహ్మం విలేకరులందర్నీ పిలిచాడట, పెళ్ళాం హారతి ఇచ్చిందట, జేబులోంచి లేఖ తీశాడట. తీశాడా, నిజంగా తీశాడా, అంటున్నాడు శివ. తీశాడు బాబూ, సంతకం కూడా పెట్టాడు, పట్టుకెళ్ళి ఇచ్చాడు కూడా. మరి ఇవ్వడన్నావు అంది శ్రీలత. ఇక్కడ జాయ్స్ తనలో తనే పది క్షణాలు నవ్వుకుంది, చెప్పేవాళ్ళు ముందు నవ్వకూడదని దానికెవరూ చెప్పలేదు. ఆ పది క్షణాలూ రజిత వేళ్ళు బ్యాగు జిప్పును అటూ ఇటూ లాగుతూనే ఉన్నాయి. చూసింది కదా, కళ్ళారా చూసింది కదా, అంత పెద్ద గోడ టీవీలో, ఫ్యాను కింద, చల్లగా కూర్చుని. తను ఆ టైముకి ఏం చేస్తోంది. గడప మీద కూర్చుంది, అమ్మ కొమురమ్మ చీర కొంగుతో విసురుతోంది, గల్లీ అంతా చీకటి, ఆ చీకట్లోంచి తలెత్తితే ఎదురుగా నాన్న కాపలా కాసే టవరు పద్నాలుగు అంతస్తులూ వెలుగుతూ ఉంది.

అక్కడ టీవీ ఉంది. అది ఎవరికీ చెప్పలేదు రజిత, తనకు కూడా సరిగ్గా చెప్పుకోలేదు. ఆ టవరు కింది హాల్లో గోడకు టీవీ ఉంది, ఆదివారం ఎవరూ ఉండరు. ఆరున్నరకి నాన్న చంద్రయ్య ఫోన్ చేశాడు. "నువ్వు చూస్తవు గద ఆ మంత్రిది, ఈడ పెడ్త, వస్తవా బిడ్డా" అన్నాడు. పది నిమిషాల నడక. చెప్పులు వేసుకుంది కూడా. అప్పుడు గుర్తొచ్చింది, ఆ టవరు ఆరో అంతస్తులో తమ కంపెనీ క్లయింటు ఆఫీసు ఉంది, ఆదివారం కూడా ఎవరో ఒకరు వస్తారు, శివ వాళ్ళ టీమ్‌వాళ్ళు వస్తుంటారు. నీలం రంగు యూనిఫాంలో, భుజం మీద కంపెనీ బిళ్ళతో నాన్న, ఆయన పక్కన ప్లాస్టిక్ కుర్చీలో తను. మీ నాన్నగారేం చేస్తారు అని జాయ్స్ ఒకసారి అడిగితే, ప్రైవేటు అని చెప్పింది. ప్రైవేటే కదా, అబద్ధమేం కాదు. తలనొప్పిగా ఉంది బాపూ అని ఫోన్ పెట్టేసింది, చెప్పులు విప్పింది. అంటే కరెంటు ఒక్కటే కాదు ఆపింది. ఆ సంగతి ఇక్కడ, ఈ పొగలో, జాయ్స్ చేతులు ఊపుతూ చెబుతుంటే కొత్తగా తెలిసినట్టు తెలిసి, ఆ తెలిసిన మంట కూడా తిన్నగా పోయి జాయ్స్ మీదే పడింది. వాళ్ళ నాన్న టీచరు. అందుకే దానికి ఏదైనా చూసే వీలుంటుంది.

"ఆ లేఖ తిరిగొచ్చేసింది" అంది జాయ్స్. రాజీనామా ఫార్మాట్ తప్పట, స్పీకరు ఆఫీసు నుంచి తిప్పి పంపేశారట, పరబ్రహ్మం దాన్ని కళ్ళకద్దుకుని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడట, నర్సింగ్ ఊడదీసిన ఎర్ర లైటు బుగ్గను మళ్ళీ కారు నెత్తిన పెట్టి తలుపు తీసి నిలబడ్డాడట, కారు వెళ్ళిపోయింది, పేర్లు పడ్డాయి. అంతే. అంతేనా అన్నాడు శివ. అంతే అంది జాయ్స్. ఏడాదిన్నర లాగి లాగి ఇదా అని శ్రీలత పెదవి విరిచింది. నర్సింగ్ ఏం మాట్లాడడా చివర్లో అని వెనకనుంచి ఎవరో. ఏదో అన్నాడబ్బా, ఆ యాస నాకు రాదు, రజిత అయితే చెప్పేది అంది జాయ్స్. ఆ మాట మంచి మనసుతోనే అంది, అది రజితకు తెలుసు, తెలిసే కొద్దీ ఒళ్ళు మండింది. వాళ్ళకి నచ్చలేదు. జాయ్స్ చూసింది కానీ వాళ్ళకి నచ్చలేదు. ఆ సంతోషం ఎంత నీచమైందో తెలిసినా దాన్ని ఆపుకోలేకపోయింది. పొరుగింటి గోడ కూలితే కలిగే సంతోషం.

"నువ్వు చూళ్ళేదా రజితా?" అని అడిగాడు శివ.

లేదు అనాలి. రెండక్షరాలు. కరెంటు లేదు అంటే చాలు, అందరూ అయ్యో అంటారు, బుధవారం మధ్యాహ్నం మళ్ళీ వేస్తారు కానీ అప్పుడు అందరం ఆఫీసులోనే ఉంటాం అంటారు, మాట ఇంకెటో వెళ్ళిపోతుంది. కిటికీ బయట పొయ్యి మీద పెద్ద గిన్నె దించుతున్నారు. తిరగమోత ఘాటు బస్సులోకి వచ్చింది, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి. ఆకుపచ్చ చీర కట్టుకున్నామె గరిట పట్టుకుని వడ్డిస్తోంది, ఆమె ముందు ఆఫీసు బట్టల్లో ఒక నడివయసాయన నిలబడ్డాడు, ఏ కారులోంచో దిగి వచ్చినట్టున్నాడు, విస్తరాకులు అయిపోయినట్టున్నాయి, ఆయన చేతిలో ఉన్న కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి ముందుకు చాచాడు. ఆమె దాని మీదే వేడి అన్నం పెట్టి పప్పు పోసింది. ఆయన ఊదుకుంటూ తిన్నాడు.

"చూసిన" అంది రజిత.

ఆ తర్వాత ఏం చెప్పాలో వెతుక్కోలేదు, అది దానంతటదే వచ్చింది, రోడ్డు మీద నుంచి నోట్లోకి వచ్చింది. లేఖ తిరిగొచ్చిన తర్వాత అసలు కథ ఉంది కదా అంది. పరబ్రహ్మం ఆ లేఖ జేబులో పెట్టుకుని ఢిల్లీకి బయల్దేరాడు, విమానం టైమైపోతోంది, బుగ్గ తిరుగుతోంది, సైరన్ మోగుతోంది, రోడ్డుకడ్డంగా పొయ్యిలున్నాయి. కారు ఆగిపోయింది. నేనెవరో చెప్పు నర్సింగూ అన్నాడు పరబ్రహ్మం. ఇక్కడ రజిత ఆగింది, కిటికీలోంచి బయటికి చూసింది, వెనకనుంచి ఎవరో భుజం తట్టారు. అప్పుడు నర్సింగ్ వచ్చాడు. "చెప్పిన సార్. గందుకే ఆపిండ్రు."

బస్సు ఊగిపోయింది. శివ సీటును రెండు చేతులతో బాదాడు. లింగయ్య కూడా అద్దంలోంచి చూసి నవ్వాడు. ఆ నవ్వు రజిత ఒంట్లోకి నీళ్ళలా దిగింది, పొద్దుటినుంచీ ఎండిపోయి ఉంది కదా, ఇంకా కావాలనిపించింది. నర్సింగ్ తాళంచెవి తీసి జేబులో వేసుకుని దిగిపోయాడని చెప్పింది, ఎక్కడికి అని పరబ్రహ్మం అంటే అన్నం తినెటానికి సార్ అన్నాడని, మరి నన్నెవరు తీసుకెళ్తారు అంటే ముందుగాల తిననియ్యిండ్రి సార్, తిన్నంక జూద్దం అన్నాడని. పరబ్రహ్మం కారులో కూర్చుని చూశాడు. పప్పు వాసన వచ్చింది. పొద్దుటినుంచీ హారతులే తప్ప తిండి లేదు. దిగాడు, వరసలో నిలబడ్డాడు, అతని వంతు వచ్చేసరికి ఇస్తరాకులు అయిపోయినయ్ సారూ, ఏమన్న కాయితముంటె పట్టుండ్రి అంది వడ్డించే ఆమె. పరబ్రహ్మం అటూ ఇటూ చూశాడు. జేబులో చెయ్యి పెట్టాడు. ఈసారి రజిత నిజంగానే చాలాసేపు ఆగింది. ఎవరూ భుజం తట్టలేదు, ఊపిరి కూడా తీయలేదు. లేఖ తీశాడు, నాలుగు మడతలు పెట్టాడు, చాచాడు. ఆమె దాని మీద అన్నం పెట్టింది. రాజీనామా మీద పప్పన్నం కలుపుకుని తిన్నాడు, సంతకం పప్పులో కలిసిపోయింది, నర్సింగ్ పక్కనుంచి ఇంకొంచెం పెట్టిచ్చుకోండ్రి సార్, మల్ల దొరకది అన్నాడు, పేర్లు పడ్డాయి.

ఎవరో చప్పట్లు కొట్టారు. అది ముగింపంటే అన్నాడు శివ, రాసినవాడి చేతులకు దండం పెట్టాలి అన్నాడు. ఆ రాసినవాడు ఈ సీట్లోనే ఉన్నాడని రజితకు అరవాలనిపించింది, అరిస్తే మొత్తం పోతుంది. అప్పుడు జాయ్స్ కళ్ళతో కళ్ళు కలిశాయి. జాయ్స్ నవ్వడం లేదు. రజితను చూసింది, కిటికీలోంచి రోడ్డు మీదికి చూసింది, కరపత్రం మీద చివరి మెతుకులు తుడుచుకుంటున్న ఆ నడివయసాయన్ని చూసింది, మళ్ళీ రజితను చూసింది. తెలిసిపోయింది. ఇప్పుడు చెప్పేస్తుంది. చెప్పనీ. రెండు సీరియళ్ళున్నాయా అంటుంది, అనాల్సిందే, దాని స్థానంలో ఉంటే తను ఎప్పుడో అనేసేది. కానీ జాయ్స్ ఏమీ అనలేదు, అనకపోయేసరికి శ్రీలత అందుకుంది. మరి జాయ్స్ చూసిందేంటి, సగంలో నిద్రపోయావా తల్లీ అంది. అందరూ జాయ్స్ మీద పడ్డారు. ఆ బట్టతలాయన అంటున్నప్పుడే అనుకున్నామన్నారు. జాయ్స్ మెడ దగ్గర ఎర్రబడింది. రజిత ఆపొచ్చు. ఆపలేదు. ఎర్రబడిన ఆ మెడను చూస్తూ కూర్చుంది, అంతసేపు ఒక మనిషి మెడను చూడటం తన జీవితంలో అదే మొదలు.

అప్పుడు లింగయ్య వెనక్కి తిరిగాడు. ఆయనదీ నానక్‌రామ్‌గూడే, రజితవాళ్ళ గల్లీకి రెండు గల్లీల అవతల. ఆయన మనసులో ఏమీ లేదు, తనకు దక్కనిది ఈ పిల్లకెట్లా దక్కిందో తెలుసుకోవాలని అడిగాడంతే. "నిన్న మన దిక్కు కరెంటేడిది బిడ్డా? పది గొట్టినంకనే గద వచ్చింది. నువ్వెట్ల జూసినవ్?"

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. రజిత కథకు అతుకు పెట్టింది కానీ తనకు పెట్టుకోలేదు. అరనిమిషం కింద చప్పట్లు కొట్టిన ముఖాలన్నీ తన వైపున్నాయి, శివ ముఖంలో నవ్వు సగంలో ఆగి ఉంది, అది ఇంకో క్షణంలో వేరే నవ్వయిపోతుంది, మీటింగులో నవ్విన నవ్వు, ఆ తర్వాత ఏ గొంతు పెట్టుకున్నా ఇక చెల్లదు. నాన్న టవర్లో చూశానని చెప్పొచ్చు. అది గుర్తొచ్చింది కూడా. ఇంత జరుగుతున్నా ఆ మాట గొంతు దాటి రాలేదు.

"మా ఇంటికొచ్చిందండీ లింగయ్యగారూ" అంది జాయ్స్. "కరెంటు లేదంటే నేనే రమ్మన్నా. ఇద్దరం కలిసే చూశాం. చివర్లో అమ్మ ఫోన్ చేస్తే నేను బాల్కనీలోకి వెళ్ళిపోయా, ఆ ముక్క చూళ్ళేదు. చూశానని గొప్ప కోసం ఏదో కల్పించి చెప్పా, దొరికిపోయా."

బస్సు ఘొల్లుమంది. ఓసి దొంగదానా అంది శ్రీలత, అబద్ధాలకోరు తెనాలి అన్నాడు శివ, వచ్చే సోమవారం నువ్వే టీ ఇప్పించాలన్నారు. జాయ్స్ చెవులు పట్టుకుని గుంజీ తీసినట్టు నటించింది. చూసినదాన్ని చూడలేదని, కల్పించని దాన్ని కల్పించానని, ఇరవై మంది ముందు ఎంత సులువుగా చెప్పేసింది. రజితకు ఏడుపు రావాలి, రాలేదు. కృతజ్ఞత రావాలి, అది ఎక్కడో ఉందేమో, దానికంటే ముందు పాతదే వచ్చింది, ఇంకా పెద్దదై వచ్చింది. ఇంతసేపూ జాయ్స్ చూసినదానికి కుళ్ళుకుంది. ఇప్పుడు చూసినదాన్ని అట్లా చేజేతులా ఇచ్చేయగలిగినందుకు కుళ్ళుకుంది. తను ఇవ్వగలదా? ఆ పావుగంటలో ఒక్క నిమిషం ఎవరికైనా ఇచ్చిందా ఈ ఏడాదిన్నరలో? దాని ఇంట్లో జనరేటరు ఉందనుకుంది, అదొక్కటే తేడా అనుకుంది.

శివ అనుమానం పక్షి. అయితే రాత్రి అక్కడే భోజనమా, ఏం వండి పెట్టావేంటి నీ ఫ్రెండుకి అని అడిగాడు. రజిత ఆ ఇంటి గుమ్మం కూడా ఎన్నడూ తొక్కలేదు, ఆ వంటిల్లు ఏ మూల ఉంటుందో తెలియదు. జాయ్స్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఉప్మా. మాడబెట్టా" అంది, "పాపం, మొహమాటానికి తినేసింది."

మాడబెట్టా. ఆ మాట రజితకు తట్టి ఉండేది కాదు. తనైతే బిర్యానీ అనేది, చికెన్ అనేది, నాలుగు కూరలు చెప్పి దొరికిపోయేది. మాడిన ఉప్మాను ఎవరు అనుమానిస్తారు. కథ చెప్పడం తనకే వచ్చనుకుంది ఇన్నాళ్ళూ, ఆ ఒక్కటైనా తనదే అనుకుంది. ముందు ఎక్కడో విజిల్ వేశారు, లింగయ్య ఇంజన్ తిప్పాడు, రాళ్ళు పక్కకు జరుపుతున్నారు, షేర్ ఆటో కదిలి వెళ్ళిపోయింది. జాయ్స్ ఇంకా వెనక్కి తిరిగే ఉంది, రజిత వైపే చూస్తోంది, అడగడం లేదు, తొందరపెట్టడం లేదు, ఒక మనిషి ఇంటికొచ్చి తిన్నది నిజమా కాదా అని ఆ మనిషే చెప్పాలన్నట్టు చూస్తోంది. అందరూ చూస్తున్నారు. నర్సింగ్ గొంతు కోసం లోపల వెతికింది రజిత, ఆ గొంతు రాలేదు, మిగిలింది అమ్మతో మాట్లాడే గొంతే.

"మాడింది గని, మంచిగనే ఉండె" అంది.

ఎవరూ నవ్వలేదు. సర్లే అన్నాడు శివ. బస్సు రాయదుర్గం వైపు కదిలింది.